అటువైపు చెయ్యి

మంచాన పడ్డ ముసలివాళ్ల ఇంటికి వెళితే ఉపేంద్ర ముందు మడమలు చూస్తాడు. ఆ తర్వాత మోచేతులు, నడుం కింద ఎముక. పడక పుండ్లు మొదలయ్యేది అక్కడే. సేవ చేసే మనిషి ఎంత నవ్వుతూ మాట్లాడినా, ఇల్లు అద్దంలా తుడిచి పెట్టినా, మడమ మాత్రం అబద్ధం చెప్పదు. రాజాం కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆయనకు ఈ విద్య భార్య మంచాన పడ్డాక వచ్చింది. త్రిపురసుందరిని రెండేళ్లపాటు ఆయనొక్కడే తిప్పేవాడు. ఒక్కరే తిప్పితే మనిషి పైకి లేవదు, దుప్పటి మీద ఈడ్చుకుపోతుంది. ఎంత మెల్లగా చేసినా ఆ ఈడ్పుకు చర్మం చిట్లుతుంది. ఆమె మాత్రం ఎప్పుడూ "హాయిగా ఉందండీ" అనే అనేది.

ఆమె పోయాక, ఇళ్లకు మనుషుల్ని పంపి వృద్ధులకు సేవ చేయించే 'ఆదరువు' సంస్థవాళ్లు, సేవ ఎలా జరుగుతోందో చూసి చెప్పమంటే ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం కోటబొమ్మాళి దాటి, సముద్రం వైపున్న ఒక మత్స్యకారుల పేటలో ఆటో దిగేసరికి, ఆఫీసు నుంచి అనిత చెప్పిన మాటలే చెవిలో ఉన్నాయి.

"లక్ష్మణమ్మగారికి పక్షవాతం సార్, ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. బాగా బరువైన మనిషి. మేం పెట్టిన నీలవేణి ఒక్కతే ఎలా తిప్పుతోందో మాకు అర్థం కావడం లేదు. ఇద్దరు కావాలని మీరంటే, అంత దూరం పంపడానికి రెండో మనిషి మా దగ్గర లేదు. లక్ష్మణమ్మగారిని విజయనగరం కేంద్రానికి మార్చెయ్యాల్సిందే."

పెంకుటింట్లో గది మధ్యగా మంచం ఉంది. రెండువైపులా మనిషి నిలబడేంత జాగా. లక్ష్మణమ్మ మంచం నిండా ఉంది. ఉపేంద్ర వంగి ఆమె పాదం పట్టుకోగానే, వంకర పోయిన మూతితోనే అంది:

"అంత దూరం నుండి ఒచ్చి కాళ్లు సూస్తారేటి బాబూ? మొకం సూడండి. కాళ్లకంటే అదే నయం."

నీలవేణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పయ్యేళ్లుంటాయేమో, బక్కపలచని మనిషి. మణికట్లు వెదురు పుల్లల్లా ఉన్నాయి.

ఉపేంద్ర మడమను వేలితో నొక్కాడు. తెల్లబడి, వెంటనే ఎర్రబడింది. మంచి చర్మం. మోచేతులు మెత్తగా ఉన్నాయి. నీలవేణి కాస్త ఒత్తిగిలిస్తే నడుం కింద చూశాడు. ఎక్కడా గీత లేదు, కందిన మచ్చ లేదు. ఇలాంటి వీపు ఇద్దరు పట్టుకుని, దుప్పటికి అంటకుండా లేపి తిప్పిన మనిషికే ఉంటుంది. ఆయనకు సంతోషం కలిగింది. ఆ వెనకే అనుమానం వచ్చింది, ఇక్కడున్నది ఒక్కతే కదా అని.

"నీకెవరు సాయం వస్తారమ్మా?"

నీలవేణి తల వంచుకుంది. "ఎవులూ రారు బాబూ. మొగోళ్లు ఏటకెల్తారు, ఆడోళ్లు సేపలమ్ముకోడానికి ఎల్తారు. పగలు పేటలో ఎవులుంటారు?"

"మరి ఎలా తిప్పుతున్నావు?"

ఆమె లక్ష్మణమ్మ వైపు చూసింది. లక్ష్మణమ్మ ఇంటి కప్పు వైపు చూసింది.

"సెప్పెయ్యే గుంటా," అంది చివరికి. "సదువుకున్న బాబు. నవ్వితే నవ్వుతాడు."

నీలవేణి మెల్లగా చెప్పింది. చేపల గంప నిండితే ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేదు. ఒకరు ఇటు అంచు, ఒకరు అటు అంచు పట్టాలి. అందుకని దారిన పోయే ఎవరినైనా 'సెయ్యెయ్యి' అని పిలుస్తారు. పిలిచాక కాదనకూడదు. పగవాళ్లయినా సరే, వచ్చి ఎత్తాల్సిందే. లక్ష్మణమ్మకూ, తోటికోడలు అసిరమ్మకూ సంతలో కూర్చునే చోటు కోసం తగువొచ్చి మాటలు పోయాయి. మళ్లీ కలవలేదు. అయినా రోజూ పొద్దున్నే ఒకరి గంప ఒకరు ఎత్తుకునేవారు, మొహాలు పక్కకు తిప్పుకుని.

"అసిరమ్మ ఎక్కడుంది?"

"పోనాది బాబూ. మొన్న తుపానుకు ముందే పోనాది." నీలవేణి గొంతు తగ్గింది. "నాను ఒచ్చిన కొత్తలో ఈ మామ్మని ఎత్తలేక ఏడుపొచ్చీసినాది. మాయమ్మ గంపెత్తమని పిలిసినట్టే, నోటికొచ్చి 'సెయ్యెయ్యవే అప్పా' అనీసినాను. ఏ అక్కనని కాదు, ఊరకనే. అంతే, అటేపు బరువు లేసిపోనాది."

బయట ఎండలో వలలు ఆరుతున్నాయి. గదిలో ఎండుచేపల వాసన ఉంది. కానీ మంచానికి అటువైపు వచ్చేది పచ్చి చేపల వాసన, అప్పుడే ఒడ్డుకు దించిన తడి వాసన. ఉపేంద్ర వంగి చూశాడు. అటువైపు నేల మీద పాతచీర గుడ్డతో చుట్టిన చుట్టకుదురు ఉంది, గంప కింద నెత్తికి పెట్టుకునేది. ముట్టుకున్నాడు. తడిగా ఉంది. వేడిగా కూడా ఉంది, ఎవరో ఇప్పుడే నెత్తి మీంచి తీసి పెట్టినట్టు.

"అసిరమ్మదే," అంది లక్ష్మణమ్మ.

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. తను చూడంది రాయడం తనకు చేతకాదు. చూసింది కాదనడం అంతకన్నా చేతకాదు.

"ఇప్పుడు తిప్పమ్మా. నేను అటువైపు నిలబడి చూస్తాను."

"అటేపు ఒద్దు బాబూ," అంది నీలవేణి గబుక్కున. "అటేపు మనిసుంటాది."

అయినా ఆయన వెళ్లి నిలబడ్డాడు. లక్ష్మణమ్మ బాగున్న చేత్తో ఆయన చొక్కా పట్టుకుంది. ఆ కళ్లల్లో వేళాకోళం లేదిప్పుడు.

"నన్ను ఇజయనగరం అట్టుకెల్లిపోతారేటి బాబూ? ఆ ఊర్లో నాను పిలిస్తే ఎవులొస్తారు?"

నీలవేణి ఇటువైపు వంగి, లక్ష్మణమ్మ భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టింది. కళ్లు మూసుకుని, సంతకు పోయే తొందరలో పిలిచినట్టు పిలిచింది.

"సెయ్యెయ్యవే అప్పా!"

అప్పుడు మంచం కిర్రుమంది. ఉపేంద్ర తనకు తెలియకుండానే లక్ష్మణమ్మ వీపు కిందికి చేతులు పోనిచ్చాడు. అక్కడ ముందే చేతులున్నాయి. చల్లగా, నీళ్లలో నాని ముడతలు పడ్డ చేతులు, అరచేతుల్లో కాయలు. అవి ఆయన వేళ్లను పక్కకు నెట్టాయి. కోపంగా కాదు. వంటింట్లో అడ్డొచ్చిన మగవాణ్ణి నెట్టినట్టు నెట్టాయి. పడిపోయిన ఎడమవైపు దుప్పటి తగలకుండా గాల్లోకి లేచింది. లక్ష్మణమ్మ పక్కకు ఒదిగింది. వీపు వెనకాల దిండు తనంతట తనే సర్దుకుంది.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. కుడి మణికట్టు మీద ఒక చేప పొలుసు అంటుకుని మెరుస్తోంది.

గోడవైపు తిరిగిన లక్ష్మణమ్మ గొణిగింది. "సూసినారా? సెయ్యేస్తాది గానీ ఒక్క ముక్క మాటాడదు. సచ్చినా దాని పంతం సావనేదు."

ఉపేంద్ర అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. భయం ఉంది, నిజమే. కానీ ఆ భయం కిందే మరొకటి మెల్లగా కదిలింది. ఆ రెండేళ్లూ పళ్లు బిగించి ఒక్కడే తిప్పాడు. ఎవరినైనా చెయ్యెయ్యమని పిలవాలని ఆయనకు తట్టనే లేదు.

ఫోను తీసి అనితకు చేశాడు.

"చర్మం బాగుందమ్మా. ఇంత మంచి సేవ నేనింతవరకు చూడలేదు."

"మరి ఇద్దరు కావాలా సార్?"

"కావాలి. ఇద్దరూ ఉన్నారు. ఆవిణ్ణి కదిలించొద్దు."

"రెండో మనిషా! పేరు చెప్పండి సార్."

"అసిరమ్మ. లక్ష్మణమ్మ తోటికోడలు." ఆ మాట తన నోటినుంచి అంత మామూలుగా రావడం ఆయనకే వింతగా ఉంది. "నెలనెలా నేనే వచ్చి చూసి వెళ్తాను. ఒక్క మచ్చ కనబడినా చెబుతాను."

"మధ్యలో మానెయ్యదు కదా సార్ ఆవిడ?"

ఉపేంద్ర గుమ్మంలోంచి లోపలికి చూశాడు. నీలవేణి లక్ష్మణమ్మ జుట్టు దువ్వుతోంది. మంచానికి అటువైపు నేల మీద చుట్టకుదురు లేదు.

"పిలిస్తే రాకుండా ఉండదటమ్మా," అన్నాడు.