రెండు ఔన్సుల తేడా

త్రాసును నేను. బంగారం తూచే వంశం కాదు, ఉత్తరాలు తూచే వంశం. ఒక ఇత్తడి కాడ, రెండు పళ్ళాలు, చెక్కపీట గుంటల్లో బుద్ధిగా కూర్చునే తూకపురాళ్ళు, ఇదీ నా ఆస్తి. పుట్టింది బర్మింగ్‌హాంలో. నన్ను సరిచూసిన ఆవిడ రెండు పళ్ళాలూ ఖాళీగా ఉంచి, కాడ నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసి, "పనికొస్తుంది" అంది. ఇన్నేళ్ళలో నా ముఖం మీద ఎవరైనా అన్న మంచిమాటల్లో అదే పెద్దది.

నన్ను ఎండుగడ్డిలో చుట్టి, ఓడ ఎక్కించి, ఐర్లండు పడమటి తీరంలో కారిగ్‌మోర్ అనే ఊరి పోస్టాఫీసుకి పంపారు. అప్పట్లో ఆ దేశాన్ని ఇంగ్లండు రాజు ఏలేవాడు కనక నా నుదుటి మీద కిరీటం ఉండేది. తరవాత స్వాతంత్ర్యం వచ్చింది. పోస్ట్‌మాస్టరు హన్రహన్ గారు కిరీటం మీద ఆకుపచ్చ రంగు రెండు పూతలు పూశారు. ఆ రంగు తూకపురాళ్ళు పెట్టే పళ్ళెం మీదికి కారి ఎండిపోవడంతో, కొన్ని నెలల పాటు ఊళ్ళో ప్రతి ఉత్తరమూ ఉన్నదానికన్నా తేలిగ్గా తూగింది. స్వరాజ్యం వల్ల తమకి కలిగిన మొదటి లాభం అదేనని ఊరివాళ్ళు అనుకున్నారు. ఆయన ఆకురాయితో గీకి సరిచేశాక ఆ లాభం కూడా పోయింది.

ఆయన చూపు మందగించాక ఆ కుర్చీలోకి కూతురు ఊనా వచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. పిల్లల కోసం అయిదు పుస్తకాలు రాసి, పెద్దవాళ్ళ చేత కూడా చదివించిన ఊనా హన్రహన్ ఈవిడే. నాకు చదువు రాదు. బరువు తెలుసు, మాటలు వినబడతాయి. ఆవిడ పుస్తకాల గురించి నేను చెప్పేదంతా ఆ రెండింటి మీదే ఆధారపడింది. వాటి మీద వ్యాసాలు రాసిన పండితుల్లో కొందరికి ఆ రెండూ లేవు.

ఊనా ఉద్యోగంలో చేరిన రెండో చలికాలంలో, చేపలకి వెళ్ళిన పడవ ఒకటి తిరిగి రాలేదు. అందులో ఇద్దరు మనుషులు. ఒకరు ఊనా అన్న మలాకీ. రెండోవాడు టామ్ కాన్సిడీన్, పోస్టాఫీసుకి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. తెడ్డు ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనుషులు రాలేదు.

పదిరోజుల తరవాత టామ్ భార్య బ్రైడీ పోస్టాఫీసుకి వచ్చింది. ఊనా కన్నా పదిహేనేళ్ళు పెద్దది. కౌంటరు ముందు నిలబడి, తనకేమైనా ఉత్తరం ఉందా అని అడిగింది. ఊనా వెనక్కి తిరిగి, గోడకున్న గూళ్ళన్నీ ఒక్కొక్కటే వెతికింది. ప్రతి కవరూ తిప్పి చూసింది. ఏమీ లేదని చెప్పింది. బ్రైడీ తలూపి, పొయ్యి పక్క బల్ల మీద కూర్చుని, అరగంట సేపు మేజోడు అల్లుకుని వెళ్ళిపోయింది. మర్నాడు సరిగ్గా పదకొండింటికి మళ్ళీ వచ్చింది. ఆదివారాలు, పండగలు తప్ప ఇక అది ఆగలేదు. పాపం, బ్రైడీకి మతి చలించిందని ఊరు తీర్మానించుకుంది. ఊనా మాత్రం ఎవరేమన్నా పట్టించుకోకుండా ప్రతిరోజూ గూళ్ళన్నీ వెతికేది. ఒక్కరోజు కూడా చూడకుండా లేదని చెప్పలేదు.

రాయడం ఎప్పుడు మొదలైందో నాకు కచ్చితంగా తెలుసు. ఒక మంగళవారం, వాన. ఎవరూ రాలేదు. ఊనా పాత టెలిగ్రాం ఫారాల వెనకవైపున రాసుకుంటూ, రాసిన ప్రతి వాక్యాన్నీ పెదాల మీద గొణుక్కునేది. అలా నేను విన్నాను. సముద్రం అడుగున ఒక పోస్టాఫీసు ఉంటుంది. మునిగిపోయినవాళ్ళు ఇంటికి రాసుకునే ఉత్తరాలు అక్కడికి చేరతాయి. సీలు జంతువులు బట్వాడా చేస్తాయి. అక్కడి పోస్ట్‌మాస్టరు ఒక ముసలి మలుగుపాము చేప. దానికి ఫారాలంటే ప్రాణం. ఏ ఉత్తరం బయటికి వెళ్ళాలన్నా మూడు ప్రతులు కావాలంటుంది. అది పదవీ విరమణ చేస్తే ఆ కుర్చీలోకి ఓర్లా అనే పదకొండేళ్ళ పిల్ల వస్తుంది. వాళ్ళ నాన్న సముద్రంలో తప్పిపోయాడు. అంత పెద్ద సముద్రంలో ఆయన ఉత్తరం ఏ గూట్లో ఉందో వెతకడమే కథ.

మొదటి రాతప్రతి, పౌనుకి పదహారు ఔన్సుల లెక్కన, రెండు పౌన్ల మూడు ఔన్సులు తూగింది. దాన్ని లండన్ పంపింది. తిరిగి వచ్చింది. ఊనా దాన్ని మళ్ళీ నా మీద పెట్టింది, ఎవరైనా కనీసం ఒక కాగితమైనా దాచుకున్నారేమో చూద్దామన్నట్టు. అంతే బరువు. నాలుగు చోట్లకి పంపింది, నాలుగు చోట్ల నించీ అంతే బరువుతో వచ్చింది. అయిదోసారి డబ్లిన్ నించి వచ్చినప్పుడు పావు ఔన్సు ఎక్కువ తూగింది. ఊనా కట్ట విప్పి చూస్తే నూట పన్నెండో పేజీ దగ్గర బిస్కెట్ పొడి, రెండు టీ మరకలు. ఎవరో నూట పన్నెండు పేజీలు చదివారు. వెంటనే మొదటి అధ్యాయం కుదించి అదే చిరునామాకి తిప్పి పంపింది. ఫెర్గస్ లాలీ అనే ఆ సంపాదకుడు ఈసారి పుస్తకం వేసుకున్నాడు. తన టీ గురించి క్షమాపణ కూడా రాశాడు.

పుస్తకం మొదట్లో నెమ్మదిగా నడిచి, రెండోది వచ్చేసరికి పరిగెత్తింది. మూడోదానికి బహుమతి వచ్చింది. చనిపోయినవాళ్ళకి పోస్టాఫీసు లేదని ఫాదర్ గారు ఒక ఆదివారం చర్చిలో గట్టిగా చెప్పారు. బుధవారం స్టాంపుల కోసం వచ్చి, ఎవరూ లేకుండా చూసి, ఆ మలుగుపాముకి పింఛను మంజూరైందా లేదా అని అడిగారు. డబ్లిన్ నించి ఒక విలేకరి వచ్చి ఆవిడ ఎక్కడ కూర్చుని రాస్తుందో చూపించమన్నాడు. ఊనా కౌంటరు వెనక స్టూలు చూపించింది. అతను కిటికీ ఫొటో తీసుకుని వెళ్ళి, అలలు ఆవిడ చెవిలో కథలు చెబుతాయని రాశాడు. ఆ స్టూలు మీద కూర్చుంటే సముద్రం వీపు వెనక ఉంటుంది.

నాలుగు పుస్తకాలయ్యేసరికి ఓర్లా వాళ్ళ నాన్న ఇంకా దొరకలేదు. పిల్లలు ఉత్తరాలు రాశారు, తరవాత బెదిరించారు. లాలీ స్వయంగా బస్సెక్కి వచ్చి, అయిదోదే ఆఖరిదైతే ఆయన్ని ఇంటికి చేర్చక తప్పదన్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన పిల్లల్ని ఏడిపించి పంపే హక్కు ఎవరికీ లేదన్నాడు. మంచివాడే, మనసులో మాటే అన్నాడు. ఊనా వాదించలేదు. ఆ వేసవంతా రాసి ఆయన్ని ఇంటికి చేర్చింది. రాతప్రతి మూడు పౌన్ల ఒక ఔన్సు తూగింది. పురికొస చుట్టింది గానీ ముడి మీద లక్క వెయ్యలేదు. మూడు రోజులు అలాగే ఉంచింది. వచ్చేపోయేవాళ్ళు దాని మీద మోచేతులు ఆనించుకున్నారు.

నాలుగో రోజు పదకొండింటికి బ్రైడీ వచ్చి ఎప్పటిలాగే అడిగింది. ఊనా గూళ్ళన్నీ వెతికి లేదంది. తరవాత లేచి వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది. పనివేళల్లో అలా చెయ్యడం నేరం. ఆవిడ ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో అదొక్కటే. బ్రైడీకి చూపు ఆనదు, పుస్తకాలు చదవదు. అచ్చయ్యాక ఎవరి నోటనో వినేకన్నా ముందు తనే వినిపించాలని ఊనా అనుకున్నట్టుంది. కట్ట విప్పి, బల్ల మీద ఆవిడ పక్కన కూర్చుని ఆఖరి అధ్యాయం చదివింది. ఓర్లా వాళ్ళ నాన్న బూట్లలోంచి నీళ్ళు కారుతుండగా రేవు మెట్లెక్కి వస్తాడు. తలుపు తోసి, టీ ఉందా అని అడుగుతాడు.

బ్రైడీ వరస పూర్తయ్యేదాకా అల్లి, సూదులు ఒళ్ళో పెట్టుకుంది.

"బాగా రాశావు," అంది. "టామ్ కూడా అంతే, ముందు టీ అడిగేవాడు."

"మీకు కష్టంగా ఉంటే తీసేస్తాను బ్రైడీ. రోజూ వచ్చి అడుగుతారు కదా, ఇది విని మీరు ఇంకా ఆశ పెట్టుకుంటారేమోనని..."

"టామ్ రాడని నాకు ఆ వారమే తెలుసే. ఇక ఉత్తరమంటావా, ఆయనకి రాయడమే రాదు. పెళ్ళిరోజు చర్చి పుస్తకంలో కూడా గీత గీశాడు."

ఊనా కాగితాలు పక్కన పెట్టింది. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడిగారు?"

"మలాకీకి వచ్చుగా రాయడం," అంది బ్రైడీ. "మొదటిరోజు ఏదో తోచక వచ్చి అడిగాను. నువ్వు వెనక్కి తిరిగి ఆ కవర్లన్నీ ఎలా చూశావో నేను చూశాను. నాకోసం కాదు ఆ వెతకడం. నేను అడక్కపోతే, ఏ వంకన వెతుక్కుంటావు నువ్వు?"

నేను తూచగలిగినవి కొన్నే. అప్పుడు ఆ గదిలో ఉన్నది వాటిలో లేదు. బయట ఎవరో తలుపు తట్టి, పోస్టాఫీసు మూసేశారేమిటని చిరాకుపడి వెళ్ళిపోయారు. ఊనా పైట అంచు లాంటిదేదీ లేక చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి ఇద్దరూ టీ తాగారు. మర్నాడు పదకొండింటికి బ్రైడీ వచ్చి, ఏమీ అడక్కుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఊనా గూళ్ళవైపు తిరగలేదు.

ఆఖరి అధ్యాయం పన్నెండు పొద్దుల్లో మళ్ళీ రాసింది. ఇందులో ఓర్లాకి నాన్న రాసిన ఉత్తరం దొరుకుతుంది. చిన్నది. చదువుకుంటుంది, మడిచి జేబులో పెట్టుకుంటుంది. కౌంటరు ముందు వరస పెద్దగా ఉంది కనక కిటికీ తెరుస్తుంది. రాతప్రతి ఇప్పుడు రెండు పౌన్ల పదిహేను ఔన్సులు తూగింది. ఒక మనిషి ఇంటికి రాకపోతే రెండు ఔన్సులు తగ్గుతుంది.

లాలీ నాలుగు పేజీల ఉత్తరంలో బతిమాలాడు. ఊనా ఒక పోస్టుకార్డు మీద కుదరదంది. పుస్తకం అలాగే వచ్చింది. పిల్లలు బస్తాలకొద్దీ కోపం పోస్టు చేశారు. ఊనా ప్రతిదానికీ జవాబిచ్చింది. తన ఉద్యోగం అదేనంది.

ఆ తరవాత రెండేళ్ళకి కృష్ణాజిల్లా అవనిగడ్డ నించి ఒక ఉత్తరం వచ్చింది. దివిసీమ ఉప్పెన తరవాత ఎక్కడెక్కణ్ణించో సాయం మూటలు చేరాయట. ఒక మూటలో, ఆ ఎండలకి ఎవరూ తొడగలేని ఉన్ని స్వెట్టర్ల మధ్య, ఊనా అయిదో పుస్తకం ఉందట. రాసినావిడ పేరు కంభంపాటి హైమవతి, స్కూల్లో టీచరు. తన తరగతిలో పిల్లలు పద్నాలుగు మంది ఉప్పెనలో నాన్ననో, అమ్మనో, ఇద్దర్నో పోగొట్టుకున్నారని రాసింది. "మీరు ఆయన్ని ఇంటికి తీసుకురాలేదు. అందుకే ఈ పుస్తకాన్ని మా పిల్లలకి చదివి వినిపించగలను. తెలుగులో రాసుకోవచ్చా?" అని అడిగింది. ఊనా ఆ ఉత్తరం బ్రైడీకి రెండుసార్లు చదివింది. ఆ సాయంత్రమే అయిదు పుస్తకాలూ నా మీదికెక్కాయి. పళ్ళెం ఎప్పుడూ అంత కిందికి దిగలేదు.

పదిహేనేళ్ళు ఉత్తరాలు నడిచాయి. అయిదు పుస్తకాలూ తెలుగులోకి వచ్చాయి. మలుగుపాముని ఏమనాలనేదాని మీదే ఎనిమిది ఉత్తరాలు నడిచాయి. బ్రైడీ నిద్రలోనే పోయింది, ఊనా ఉద్యోగం నించి దిగిపోయింది, పోస్టాఫీసుకి కరెంటుతో నడిచే తూకం యంత్రం వచ్చింది. నన్ను చెత్తబండిలో వెయ్యమన్నారు. ఊనా ఇంటికి తీసుకెళ్ళింది. ఒక సభ కోసం డబ్లిన్ వచ్చిన హైమవతి గారు రెండు బస్సులు మారి ఆవిణ్ణి చూడ్డానికొస్తే, ఇద్దరూ మొదటిరోజంతా ముఖాముఖి ఏం మాట్లాడాలో తోచక ఒకరి కాగితాలు ఒకరు దిద్దుకున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను ఆవిడ సంచీలో పెట్టింది ఊనా. విమానాశ్రయంలో నన్ను ఆయుధమేమోనని అనుమానించారు.

ఊనా పోయి ఇప్పటికి చాలాకాలమైంది. డబ్లిన్‌లో ఒక మ్యూజియంలో ఆవిడ పేర ఒక గది ఉందని, అందులో గాజుపెట్టెలో 'ఊనా హన్రహన్ త్రాసు' అని రాసిపెట్టి ఒక త్రాసు ఉందని విన్నాను. దాని ముందు జనం కళ్ళు తుడుచుకుంటారట. అదెవరో నాకు తెలియదు. నాకేమీ అభ్యంతరం లేదు, నాకిక్కడ పని ఉంది. హైమవతి గారు రిటైరయ్యాక పెరటి విత్తనాలు పొట్లాలు కట్టి వీధిలోవాళ్ళకి పంచుతున్నారు. నా రాళ్ళన్నీ ఔన్సుల్లోనే ఉన్నాయి కనక అవనిగడ్డలో ఆ ఒక్క వీధిలో విత్తనాలు ఔన్సుల్లో నడుస్తాయి. ఈ పొద్దున తోటకూర తూచాను. అరౌన్సు. ఆవిడ ముఖం దగ్గరగా పెట్టి, కాడ ఆగేదాకా చూసి, పొట్లం మడిచారు.