ఏడో గుంత దగ్గర ఇసుక

ఘనపూర్ చెరువు కట్ట దిగితే గోల్ఫ్ మైదానం వస్తుంది. ఎప్పుడో బొగ్గు గనుల పెద్దసార్లు ముచ్చటపడి వేయించుకున్నారు. మోజు తీరాక జనానికి వదిలేశారు. టికెట్ కొన్నవాడెవడైనా ఆడొచ్చు. అందానికి లోటు లేదు. ఒక పక్క చెరువు, ఒక పక్క గుట్టలు, పొద్దున్నే నీళ్ల మీద కొంగల బారులు. పట్టించుకునే నాథుడే లేడు. మనుషుల కంటే బర్రెలే ఎక్కువగా తిరిగే ఆ తొమ్మిది గుంతల మైదానానికి ఉన్నది ఒకే ఒక్క మాలి, చాంద్‌పాషా.

గుంత చుట్టూ పచ్చిక పెంచే స్తోమత లేక ఇసుకలో పాత ఇంజన్ నూనె కలిపి పరిచారు. దాన్ని బ్రౌన్ అంటారు. దాని మీద కాకి వాలినా అచ్చు పడుతుంది. ఆడినవాళ్లు ముందుకు పోగానే గోనెపట్టా లాగి చదును చేయాలి. పంతొమ్మిదేళ్లుగా చాంద్‌పాషా చేస్తున్నది ఆ పనే. మెచ్చుకునేవాడు లేకపోయినా ఆ పనంటే అతనికి మహా అభిమానం.

సకల జనుల సమ్మె మొదలైననాడు ఆ గోనెపట్టాను షెడ్డులో పడేసి తాళం వేశాడు. ముప్పై రెండు రోజులు గడిచాయి. జీతం లేదు. భార్య జహీరా బేగం పొద్దున గంజి, సాయంత్రం గంజి పోస్తోంది. అయినా తాళం తీయలేదు.

ఇప్పుడు ఆ సమ్మె కంటే పెద్ద బాధ ఒకటి వచ్చి పడింది. కొడుకు ఆమెర్ ఏడో గుంత వెనకున్న పాడుబడ్డ పంపుహౌసులో దాక్కుని ఉన్నాడు. మానుకోట దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్న రోజున ఎవరో సిగ్నల్ గదికి నిప్పు పెట్టారు. ఆమెర్ చేసింది గొంతు పోయేలా అరవడమే. కేసులో మాత్రం వాడి పేరే ముందు రాశారు. దొరికితే ఎన్నేళ్లు లోపలేస్తారో తెలియదు. లాఠీ దెబ్బకు మోకాలు గుమ్మడికాయంత వాచింది. గుట్ట ఎక్కి అవతలికి పోలేడు. కట్ట మీదేమో పోలీసు పికెట్.

ముందురోజు సాయంత్రం కానిస్టేబుల్ రాంజీ ఛాయ్ దుకాణం దగ్గర కలిశాడు.

"అన్నా, డీఎస్పీ సారు రేపు పొద్దుగాల ఆడనీకి వస్తడట. జర చూసుకో" అన్నాడు. వాడికి సంగతి తెలిసి అన్నాడో, మాటవరసకు అన్నాడో చాంద్‌పాషాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

తెల్లవారుతుండగానే ఏడో గుంత దగ్గరికి ఉరికాడు. చుట్టూ తుమ్మ ముళ్లు కావడంతో ఆమెర్ నీళ్ల కోసం చెరువుకు ఆ ఇసుక మీదుగానే పోయి వచ్చాడు. ఒక కాలు నిండుగా, ఒక కాలు ఈడుస్తూ, అచ్చులు పంపుహౌసు తలుపుదాకా దారి చూపిస్తున్నాయి.

చాంద్‌పాషా షెడ్డు తాళం తీశాడు. తెలంగాణ కోసం వేసిన తాళం కొడుకు కోసం తీశానని కళ్లనీళ్లు వచ్చాయి. గోనెపట్టా తెచ్చి లాగాడు. అచ్చులు పోయాయి. అంతటితో ఆగితే బాగుండేది. కానీ చేతికి అలవాటైన పని. అంచులు సరిచేశాడు, ఆకులు ఏరాడు, వెనక్కి నడుస్తూ తన అడుగులు కూడా చెరిపేశాడు. పంపుహౌసు కిటికీ దగ్గరికి పోయి "బేటా, దగ్గు గూడ రావద్దు" అని చెప్పి వచ్చాడు.

ఏడు గంటలకు డీఎస్పీ వచ్చాడు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. గోల్ఫ్ కర్రల సంచీ రాంజీ మోస్తుంటే మొదటి గుంత దగ్గరికి నడిచాడు. బ్రౌన్ నిండా బర్రెల గిట్టలు, టేకాకులు.

"ఇంత చక్కని చోటుని ఇలా వదిలేశారేంటయ్యా?"

"సమ్మె సార్. నేను గూడ సమ్మెల ఉన్న. ముప్పై రెండు దినాలైంది, దేన్నీ ముట్టలే" అన్నాడు చాంద్‌పాషా. ఆ మాట అంటున్నప్పుడు అతనికి గర్వంగానే ఉంది.

రెండో గుంత దగ్గర కుక్క అడుగులు. మూడో దాంట్లో గడ్డి మొలిచింది. నాలుగు, అయిదు అంతే. ఆరో గుంత దగ్గర బంతి పేడలో ఇరుక్కుంటే డీఎస్పీ పకపకా నవ్వాడు. అప్పుడు తట్టింది చాంద్‌పాషాకు. అన్నిట్లో నున్నగా ఉన్నది ఏడోదొక్కటే. అయ్యో, ఎంత పని చేశాను అనుకున్నాడు.

"ఏడోది వద్దు సార్. పాములున్నయి. సీదా ఎనిమిదోదానికి పోదాం."

"అక్కణ్నుంచే చెరువు బాగా కనిపిస్తుందట కదా. పద" అన్నాడు డీఎస్పీ.

ఏడో బ్రౌన్ పండగనాటి వాకిలిలా ఉంది. డీఎస్పీ ముచ్చటపడి బంతిని మెల్లగా తట్టాడు. అది గీత గీసినట్టు పోయి గుంతలో పడింది. ఆయన సంబరపడ్డాడు. తర్వాత ఇసుకను, చాంద్‌పాషాను మార్చి మార్చి చూశాడు.

"సమ్మెలో ఉన్నానన్నావుగా?"

"మీరు వస్తున్నరని చేసిన సార్."

"నేనొస్తానని ఏడోది ఒక్కటే చేశావా? మొదటిదెందుకు వదిలేశావు?"

డీఎస్పీ చుట్టూ చూశాడు. ఒక పక్క ముళ్లు, ఒక పక్క చెరువు, ఎదురుగా పంపుహౌసు. గొంతు పెంచకుండానే "రాంజీ, ఆ తలుపు తియ్" అన్నాడు.

రాంజీ సంచీ కింద పెట్టి చాలా నెమ్మదిగా నడిచాడు. ఎంత నెమ్మదిగా నడిచినా ముప్పై అడుగులే.

ఆమెర్ కుంటుతూ బయటికి వచ్చాడు. పెనుగులాడలేదు. రాంజీ భుజం కింద చెయ్యేసి మరీ నడిపించాడు. ఫోను చేయగానే జీపు గడ్డిలోంచే వచ్చేసింది. ఎక్కేముందు ఆమెర్ తండ్రి వైపు తిరిగాడు.

"అబ్బాజాన్, నేనున్న జాగ ఎవ్వరు చూపిచ్చిండ్రు?"

చాంద్‌పాషా అబద్ధమాడలేకపోయాడు.

"నేనే బేటా" అన్నాడు. ఎట్లాగో చెప్పబోయేలోపు వాణ్ని లోపలికి ఎక్కించారు. జీపు తలుపు పడింది. వాడు మొహం అటు తిప్పుకున్నాడు, కట్ట ఎక్కేదాకా ఇటు చూడలేదు.