శుక్రవారం ఉత్తరం

కవరు చించే ముందు కినుయే దాన్ని బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూస్తుంది, లోపల బ్లేడు ముక్క ఉందేమోనని. ముప్ఫై ఏడేళ్లలో మూడుసార్లే దొరికింది. అయినా తడమడం మానలేదు. ఆ వేలి చర్మం చాకిరేవు బండలా నున్నబడిపోయింది.

టోక్యోలో నటులకూ గాయకులకూ పని చూసిపెట్టే చిన్న సంస్థ అది. మూడో అంతస్తులో కినుయే పనిచేసే ఉత్తరాల గది. గోడ పొడవునా చెక్క అరలు, అరకో పేరు. అభిమానులు పంపిన మిఠాయిలు పక్కన పెట్టాలి, బొమ్మలు నొక్కి చూడాలి, బెదిరింపులు పై అంతస్తుకు పంపాలి. మిగిలినవి అరల్లోకి. కొత్తగా చేరిన పాటల అమ్మాయిలకు అరలు చాలక బుట్టలు పెట్టింది. కురోసె ఇత్సుకి అనే నటుడి అరలోకి మాత్రం వారానికి ఒక్కటే వస్తుంది.

పాతికేళ్ల కిందట అతను పిల్లల సీరియల్లో ఎర్ర కవచం తొడిగిన వీరుడు. అప్పుడు ఉత్తరాలు బస్తాల్లో దిగేవి. ఇప్పుడు అతనికి యాభై ఏళ్లు దాటాయి. ఊరూరా తిరిగే నాటకాల్లో హీరోకి మేనమామ వేషాలు. ఆ ఒక్క ఉత్తరం రాసేది అకితా ప్రాంతంలోని నోషిరో నుంచి తదోకొరొ సుమి అనే పెద్దావిడ. అది శుక్రవారం చేరుతుంది. ఆ రోజు కురోసె వచ్చి, కినుయే ఇచ్చిన టీ తాగుతూ పైకి చదువుతాడు. పొగడ్త ఒక్కటీ ఉండదు.

"ఏం నాయనా, రెండో అంకంలో ఆ నడకేంటి, కడుపునొప్పా? మా ఊరి హాల్లో వెనక వరసకి నీ మాట ఒక్కటి వినబడితే ఒట్టు. నా చెవుడని అనుకునేవు, మా కోడలికీ వినబడలేదు."

అతను పగలబడి నవ్వుతాడు. తర్వాతి ఆటలో గొంతు పెంచుతాడు.

కినుయే భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. మధ్యాహ్నం ఊరగాయ పెట్టిన అన్నం ముద్దలు రెండు తిని, కిటికీ కింద పోయే రైళ్లు చూస్తుంది. అందరి ప్రేమలూ చదివింది గానీ తను ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు, ఒక్క నాటకమూ చూడలేదు. ఎవరైనా అడిగితే, మిఠాయి కొట్టువాడికి తీపి మీద యావ ఉండదంటుంది. తన కొట్టయిన ఈ గదంటే మాత్రం ఆమెకు ప్రాణం.

ఈ శుక్రవారం నోషిరో నుంచి పొట్లం వచ్చింది. చేతిరాత కొత్తది. లోపల కోడలి ఉత్తరం. అత్తగారు తొమ్మిదో తారీఖున మధ్యాహ్నం కునుకులోనే వెళ్లిపోయారట. ఆ ఉదయం కూడా కురోసె గారి జుట్టు బాలేదని హాయిగా తిట్టుకున్నారట.

కినుయే చదివి మడిచింది. మళ్లీ తెరిచింది. చేతిలో పని వదిలేసి టీకి నీళ్లు పెట్టింది.

కురోసె రాగానే తనే విషయం చెప్పింది. ఆ ఉత్తరాన్ని అతను పైకి చదవలేదు. టీ చల్లారిపోయింది. ఈ ఏడాదితో నాటకాలు మానేసి తమ్ముడి నూడుల్స్ కొట్టులో చేరదామనుకున్నాడట. ఆ మాట ఆవిడకు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాడట, కలం కదలలేదట.

"రాసుంటే తిట్టేది," అన్నాడు.

"తిట్టకుండా ఎందుకుంటుంది."

"ఇక నన్నెవరు తిడతారక్కా?"

కినుయే కప్పు తీసుకెళ్లి చల్లారిన టీ పారబోసి, వేడిది పోసి ముందు పెట్టింది.

"ఆదివారం ఆట ఎక్కడ?"

"కవాగోయెలో. మధ్యాహ్నం."

"వెనక వరసలో ఒక టికెట్టు ఇప్పించండి. డబ్బిచ్చే తీసుకుంటాను. ఊరికే చూస్తే తిట్టడానికి నోరు రాదు."

అతను నవ్వి, టీ మొత్తం తాగాడు. నూడుల్స్ కొట్టు సంగతి మళ్లీ ఎత్తలేదు.

పొట్లంలో ఇంకో కట్ట ఉంది. చేతి వణుకు ముదిరాక, చేయి నిలకడగా ఉన్న రోజున సుమి ముందుగానే కురోసె పేరూ ఇక్కడి చిరునామా రాసి, స్టాంపులంటించి పెట్టుకున్న ఖాళీ కవర్లు. పారేయడానికి చేతులు రాక కోడలు పంపింది. ఇక్కడే ఉండనివ్వమని కురోసె వాటిని తన అరలో పెట్టి వెళ్లాడు.

అయిదు గంటలకు కినుయే ఆదివారానికని వాటిలోంచి ఒకటి తీసి సంచీలో వేసుకుంది. చాన్నాళ్ల తర్వాత రైలు స్టేషను దాకా తొందరగా నడవాలనిపించింది. గదికి తాళం పడింది. అరలో పైనున్న కవరు మీద స్టాంపు కాస్త వంకరగా ఉంది. దాన్ని ఊడదీసి సరిచేయబోయిన సుమి గోటి గుర్తు పక్కనే పడి ఉంది.