గేటు స్తంభం మీద గీత

ఆ వీధిలో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె సబ్బక్కే. ఎందుకంటారా? ఆమె లెక్కలో బట్టల సబ్బుకున్న పనుల్లో బట్టలు ఉతకడం ఆఖరిది మరి! బీరువా సొరుగు బిగుసుకుపోయిందా, అంచులకు సబ్బు రుద్దేది. జిప్పు మొరాయించిందా, సబ్బే. తలుపు కిర్రుమంటే బందుకు సబ్బు, గోడలోంచి చీమలొస్తే కన్నంలో సబ్బు, మేకు చెక్కలోకి దిగనంటే మొనకు సబ్బు. మొక్కల్లో పనిచేసే ముందు గోళ్ళతో సబ్బు గీకేది, సందుల్లోకి మట్టి దూరకుండా. ఉంగరం ఇరుక్కుపోయి పక్కింటావిడ ఏడుపు మొహంతో వస్తే, ఇంత నురగ పూసి ఒక్క తిప్పు తిప్పి ఊడబెరికి చేతిలో పెట్టింది. "మరి మీ ఆయన మొండికేస్తే ఏం చేస్తావే?" అని ఆవిడ మేలమాడితే, "చెవులకు రుద్దుతా, చెప్పిన మాట సాఫీగా లోపలికి జారుతుంది" అంది. సబ్బక్కను మాటల్లో గెలవడం ఎవరి తరం?

అరిగి రేకులా మిగిలిన ముక్కను కూడా పారేసేది కాదు. ఆమె పనిచేసేది చొక్కాలు కుట్టే కంపెనీలో. గుడ్డ మీద కొలతల గీతలు గియ్యడానికి ఆ ముక్కలే వాడేది. సబ్బు గీత స్పష్టంగా కనిపిస్తుంది, కాస్త తడి తగిలితే మాయమైపోతుంది. ఇంటికి పని తెచ్చుకున్నప్పుడు మామగారి ఎదురుగానే కూర్చుని గీసుకునేది. ఆయన కూడా వేరే పనేమీ లేనట్టు ఆ గీతల్నే చూస్తూ కూర్చునేవాడు.

ఆ మామగారి సంగతే ఇప్పుడు చెప్పొచ్చేది. పెద్దాయన ఒకప్పుడు తాళాలు బాగుచేసేవాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోకుండా లేచి వెళ్ళే మనిషి. అలాంటి మనిషికి వయసు మీద పడేసరికి మతిమరుపు పట్టుకుంది. మొదట కళ్ళజోడు, తర్వాత భోంచేశాడో లేదో, ఆ తర్వాత మనుషుల పేర్లు. ఒకరోజు ఏకంగా ఇల్లే మర్చిపోయాడు. పొద్దున బయటికెళ్ళిన మనిషి సాయంత్రం దాకా బస్‌స్టాండులో కూర్చుని, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి "బాబూ, ఇది మా ఇంటికి పోతుందా?" అని అడిగాడట. ఆ రోజు సబ్బక్క తిరగని సందు లేదు. దొరికాక ఆయన్ని పట్టుకుని నడిరోడ్డు మీద ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ వీధిలో చెప్పుకుంటారు.

భర్త లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. తను కంపెనీకి పోక తప్పదు. ఇక ఏం చేస్తుంది? తను పనికెళ్ళేటప్పుడు మామగారి గదికి తాళం వేసి పోవడం మొదలుపెట్టింది. అన్నం, మంచినీళ్ళు, రేడియో అన్నీ లోపలే. స్నానాల గది కూడా ఆ గదిలోంచే. ఆయన పాత రేకు డబ్బా కూడా దగ్గరే ఉంచింది. అందులో ఆకురాళ్ళు, తుప్పుపట్టిన తాళం కప్పలు, పళ్ళు కోయని తాళంచెవులు ఉండేవి. గలగలలాడించుకుంటూ కాలక్షేపం చేస్తాడులే అనుకుంది. తాళం తిప్పిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. 'ఆయన మంచికే కదా' అని తనకు తనే చెప్పుకుని గబగబా నడిచిపోయేది.

ఆ రోజు పొద్దున పెరట్లోకి వెళ్ళేసరికి ఉతికే బండ మీద ఒక సగం సబ్బు బిళ్ళ కనిపించింది. ఎప్పుడో మాయమైతే ఎలుక ఎత్తుకుపోయిందని తిట్టుకున్న బిళ్ళ అది. ఎండి పగుళ్ళు వారింది. 'అమ్మయ్య, దొరికిందే' అని చేతిలోకి తీసుకుంది. దాని వంక చూసింది.

సబ్బు మీద తాళంచెవి అచ్చు ఉంది. గుండ్రటి తల, పొడుగాటి కాడ, చివర పళ్ళు, గీసినట్టు దిగి ఉన్నాయి. తాళాల గుత్తిలోంచి వీధి తలుపు చెవి తీసి అందులో పెట్టింది. ఒరలో కత్తిలా సరిగ్గా కూర్చుంది.

అమ్మమ్మా! సబ్బుతో తనకు తెలియని పని ఒకటుందన్నమాట! ఎవడో తన సబ్బుతోనే, తన పెరట్లోనే, తన ఇంటికి దొంగతాళం చేయించుకున్నాడు. ఎవడు? మొన్న కుళాయి బాగుచెయ్యడానికి వచ్చినవాడా? వాడు పెరట్లో చాలాసేపే ఉన్నాడు. తాళాల గుత్తి వంటింటి మేకుకే వేలాడుతూ ఉంటుంది. పైగా వాడి చూపే అదోలా ఉంది! వాడిని ఇంట్లోకి పిలిచిన తన బుద్ధిని తనే తిట్టుకుంది.

లారీలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది. "ముందు తాళం మార్పించు" అన్నాడు ఆయన కంగారుగా. "నాన్న జాగ్రత్త. దొంగవెధవలు ముందే వచ్చి ఇంటికి గుర్తులు పెట్టుకుంటారట, బయట చూడు."

బయటికి పరుగెత్తింది. గేటు స్తంభం మీద, చెయ్యి ఆనించే ఎత్తులో తెల్లగా ఒక గీత. పక్కిళ్ళ వేపు చూసింది. ఎవరి స్తంభానికీ లేదు, తమకే ఉంది! పై ప్రాణాలు పైనే పోయాయి. బక్కెట్టు, పీచు తెచ్చి ఆనవాలు కూడా మిగలకుండా తోమేసింది. "రండిరా, ఎలా గుర్తుపడతారో చూస్తా!" అని పైకే అంది.

మామగారికి ఏమీ చెప్పలేదు. పాపం, ఆయన్ని భయపెట్టడం దేనికి? కంచం, మంచినీళ్ళు లోపల పెట్టింది. "తలుపు ఎవరు కొట్టినా పలక్కండి మామయ్యా."

"నువ్వెప్పుడొస్తావు తల్లీ?"

"రోజూ వచ్చే వేళకే."

"సరే, సరే. నేనెక్కడికీ పోనులే, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు పెద్దాయన. ఆమె తాళం వేసి, లాగి చూసి, సబ్బు బిళ్ళను రుమాల్లో చుట్టుకుని కంపెనీకి వెళ్ళింది. మధ్యాహ్నం విరామంలో బజారుకెళ్ళి కొత్త తాళం కొనాలని ఆలోచన.

పక్క మెషీను మీద పనిచేసే స్నేహితురాలికి అంతా చెప్పి, రుమాలు విప్పి చూపించింది. ఆవిడ బిళ్ళను అటూ ఇటూ తిప్పింది. "ఇటుపక్క కూడా ఉందే ఒకటి! చూసుకోలేదా?"

చూసుకోలేదు. అటుపక్క భయమే సరిపోయింది, ఇటుపక్క తిప్పింది ఎక్కడ? రెండో అచ్చు చిన్నది. బీరువా చెవి పెట్టింది, పట్టలేదు. పెట్టె చెవి, అదీ కాదు. ఇంకొకటి పెట్టింది. చక్కగా కూర్చుంది.

మామగారి గది చెవి అది.

"ముసలాయన గదిలో దొంగకేం దొరుకుతుందే?" అని స్నేహితురాలు ఆశ్చర్యపోయింది. "అయినా ఇది బయటివాడి పని కాదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు..." అని, సబ్బక్క మొహం చూసి గతుక్కుమని ఆగిపోయింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని. ఇంట్లో తాళాల మనిషిని పెట్టుకుని కుళాయివాడి మీద పడింది! రోజూ తను స్నానానికి వెళ్ళినప్పుడు పెద్దాయన వంటింట్లోనే తిరుగుతుంటాడు. గుత్తి అక్కడే ఉంటుంది. డబ్బాలో ఆకురాయి ఉంది, చెవులు ఉన్నాయి. గదిదీ వీధి తలుపుదీ లోపలినుంచి కూడా చెవితో తిరిగే తాళాలే. చేతులకు మతిమరుపు లేదు. అచ్చు తీసిన బిళ్ళను ఇన్నాళ్ళూ ఎక్కడో దాచి, దాచానన్న సంగతి మర్చిపోయి, సబ్బు కదా అని తెచ్చి బండ మీద పెట్టేశాడు.

సూపర్‌వైజరుతో ఏం చెప్పిందో, ఎలా బయటపడిందో ఆమెకే తెలీదు. ఇంటికొచ్చి పడింది. గది తాళం వేసినట్టే ఉంది. చిన్న ఆశ పుట్టింది. "మామయ్యా!" అని పిలుస్తూ తలుపు తీసింది. మంచం మీద దుప్పటి నీటుగా మడతపెట్టి ఉంది. కంచం కడిగి బోర్లించి ఉంది. మనిషి లేడు.

ఈ పాటికి ఏ బస్సెక్కాడో, ఏ లారీ కింద పడ్డాడో! చెప్పులు కూడా లేకుండా వీధిలోకి ఉరికింది.

ఎదురుగా బండి మీద ఇస్త్రీ చేసుకుంటున్నాయన తలెత్తాడు. "ఏమ్మా, ఇవాళ పెందరాళే వచ్చేశావు?"

"మా మామయ్య! మా మామయ్యను చూశావా అన్నా?"

"ఇందాకే వెళ్ళారుగా" అన్నాడు ఆయన తాపీగా. "వచ్చేస్తారు. రోజూ ఈ వేళకే వస్తారు."

"రోజూనా?"

"వానలు తగ్గినప్పట్నుంచీ రోజూ. శుభ్రంగా తల దువ్వుకుని వెళ్తారు. బస్‌స్టాండు దాకా పోయి వెనక్కి వస్తారట. ఒకసారి నేనే అడిగాను. దారి ప్రాక్టీసు చేస్తున్నానయ్యా అన్నారు. నువ్వే పంపిస్తున్నావనుకున్నానమ్మా!" ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నవ్వాడు. "మలుపు వచ్చినచోటల్లా జేబులోంచి సబ్బు ముక్క తీసి గోడ మీద గీత పెట్టుకుంటారు. ఒకసారి పెడితే వాన పడేదాకా మళ్ళీ పెట్టరు, రోజూ వస్తూ దాన్నే తడుముకుంటూ వస్తారు. వాన వెలిస్తే మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకుంటారు. మీ గేటుకి కూడా పెట్టారుగా, చూడలేదా?"

చూడకేం! చూసింది. పీచు పెట్టి తోమింది. దొంగలను తిడుతూ, శాపనార్థాలు పెడుతూ మరీ తోమింది. ఆమె రెండు చేతులతో తల బాదుకుంది. ఇస్త్రీ ఆయనకు ఏమీ అర్థంకాక నోరు తెరిచి చూస్తున్నాడు.

"అదుగో, వస్తున్నారు" అన్నాడంతలో.

వీధి మొగలో పెద్దాయన కనిపించాడు. మూల ఇంటి గోడ మీది గీతను వేలితో తాకి చూసుకుని, ధీమాగా ఇటు తిరిగాడు. ఒక్కో గేటు స్తంభాన్నీ చేత్తో తడుముతూ వస్తున్నాడు. తమ ఇంటి ముందు ఆగాడు. స్తంభం తడిమాడు. అటుపక్క చూశాడు, ఇటుపక్క చూశాడు. వంగి కింద చూశాడు. ఆ మొహంలో ధీమా అంతా ఒక్కసారిగా కారిపోయింది. తన ఇంటి తలుపును తేరిపార చూసి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, ముందుకు సాగిపోయాడు. తర్వాతి గేటు తడిమాడు. ఆ తర్వాతిది కూడా.

పరుగెత్తి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

ఆయన ఆగి, పరాయి ఆడమనిషి ఎదురైనట్టు మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏమీ అనుకోకండమ్మా. ఈ వరసలో సబ్బు గీత ఉన్న స్తంభం ఎక్కడన్నా చూశారా?"

"మామయ్యా..."

"మా కోడలు కూడా అలాగే పిలుస్తుంది" అని నవ్వాడు. వెంటనే మళ్ళీ కంగారుపడ్డాడు. "అది వచ్చే వేళయింది. గది తీసి చూస్తే నేను లేనని దాని గుండె ఆగిపోతుంది. మొన్నొకసారి నేను తప్పిపోతే పిచ్చిపిల్ల నడిరోడ్డు మీద ఎంత ఏడ్చిందనుకున్నారు! మళ్ళీ అలా ఏడిపించకూడదనే ఈ తిప్పలన్నీ. దారి నోటికొచ్చేసిందమ్మా, నిన్నటి దాకా ఒక్క తప్పు లేదు. ఇవాళ ఇల్లే కనపడ్డంలేదు."

"నేనే చెరిపేశాను" అంది ఆమె. "గీత నేనే చెరిపేశాను మామయ్యా, నేనే..." అంటూ భోరుమంది.

పెద్దాయన ఆమె వంక జాలిగా చూశాడు. ఏదో అర్థమైనట్టు తల పంకించి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకోండి తల్లీ, ఏడవకండి. మీ గీత కూడా చెరిగిపోయిందా? ఏం భయంలేదు. రండి, ఇద్దరం కలిసి వెతుక్కుందాం."

ఇంటికి ఎదురు దిక్కుగా నడిచాడు. ఆమె చెయ్యి విడిపించుకోకుండా ఆయన వెంట నడిచింది.