ఖాళీ కాని మరచెంబు

నేను ఒక మరచెంబును. మూత పోగొట్టుకున్న మరచెంబును. మూత లేకుండా ఆ పేరు పెట్టుకోవచ్చో లేదో నాకు తెలియదు కానీ, మెడ చుట్టూ మర మాత్రం ఇంకా చెక్కుచెదరలేదు. భార్య పోయినవాణ్ణి కూడా లోకం చాన్నాళ్లు ఫలానా ఆమె భర్త అనే చెప్పుకుంటుంది కదా. నన్నూ అలాగే పిలవండి.

గోదావరి పక్కన ఒక ఊళ్లో, పొద్దంతా సుత్తి చప్పుడు వినిపించే వీధిలో పుట్టాను. నన్ను చేసిన కంచరి నా మెడకూ మూతకూ ఒకే పూట మరలు కోశాడు. చూడడానికి మరచెంబులన్నీ ఒకలాగే ఉంటాయి గానీ ఒకదాని మూత ఇంకొకదానికి పట్టదు. మూత బిగించి, నన్ను తలకిందులు చేసి ఊపి, చుక్క రాలలేదని చూసుకుని, "ఇంక మీ కాపురం మీరు చేసుకోండి" అని నవ్వాడు. తిరగేసి పట్టుకుంటే నా మూతలో సరిగ్గా గుక్కెడు నీళ్లు పట్టేవి. ప్రయాణాల్లో అదే గ్లాసు.

నన్ను మొదట కొన్నది మార్కాపురం వైపు మిరపకాయల బండి తోలే ఒక పెద్దమనిషి. ఎద్దుల మెడగంటలు వింటూ కొన్నేళ్లు ఆయన బండికి వేలాడాను. కూతురు వెంగమ్మ పెళ్లికి, కొత్తగా కళాయి పూయించి నన్ను సారెలో పెట్టాడు. అలా మాలకొండయ్య ఇంటికి చేరాను.

నల్లమల కొండలు నీలంగా కనిపించేంత దూరంలో ఉంటుంది ఆ ఊరు. వానలు తక్కువ, పొలాలు తక్కువ. అందుకని ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు పటాలంలో ఉండేవారు. మాలకొండయ్య కూడా సిపాయే. ఊళ్లో ఉన్నది ఒకటే బావి, నీళ్లు ఉప్పన. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కొత్త కోడళ్లు మొదటి నెలంతా దాహంతోనూ ఏడుపుతోనూ గడిపేవారు. వెంగమ్మా అలాగే ఏడ్చింది. ఆ తర్వాత పుట్టింటికి వెళ్లి అక్కడి నీళ్లు చప్పగా ఉన్నాయని మూతి తిప్పింది. మనుషులు దేన్ని ఎప్పుడు ప్రేమించడం మొదలుపెడతారో వాళ్లకే తెలియదు.

పెళ్లయిన మూడో ఏడు, సెలవు ముగిసి మాలకొండయ్య బయలుదేరినప్పుడు వెంగమ్మ స్టేషన్‌కు వచ్చింది. బావి నీళ్లు నిండా పోసిన నన్ను అతని చేతికిచ్చింది.

"సర్కారోళ్లు నాకు నీళ్ల సీసా ఇచ్చినారు గదే. మళ్లా దీన్ని మొయ్యాల్నా?" అన్నాడతను.

"సర్కారు సీసాలో సర్కారు నీళ్లు తాగు బావా. దీంట్లో మనయ్యి. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఖాళీ చెంబుతో గడప తొక్కమాక. అడుగున రవ్వంతన్నా మన నీళ్లు మిగిల్చుకోని రా."

"అప్పటిదాకా ఉంటాయంటావా?"

"నువ్వు ఉంచితే ఉంటాయి."

ఆమె నవ్వుతూనే అంది. ఖాళీ పాత్రతో ఇంట్లోకి రావడం అశుభమని మన ఇళ్లలో అందరూ అనే మాటే. కానీ రైలు కదిలాక, ఆమె మొహం కనబడినంత సేపూ చూసి, అతను నా మూతను ఇంకొంచెం బిగించాడు. ఆ బిగింపులో నాకు అర్థమైంది, ఆ మాట అతనికి వేళాకోళం కాదని.

అప్పటినుంచి అదొక నియమం. రోజూ నాలోంచి కొంచెం తాగేవాడు, అంతే కొంచెం కొత్త నీళ్లు కలిపేవాడు. ఎంత దాహమైనా అడుగు కనబడనిచ్చేవాడు కాదు. ఇంకెవరికీ ఇచ్చేవాడూ కాదు. పక్క మంచం పోలినాయుడుకి ఇది పెద్ద వినోదం. పోలినాయుడుది శ్రీకాకుళం వైపు, నాగావళి ఒడ్డు. తీయని నీళ్లలో ఈదుతూ పెరిగినవాడు.

"ఒరే కొండయ్యా, నిన్న సగం తాగినావు, సగం కలిపినావు. ఇయ్యాలా అదే పని. ఇంకా మీ ఊరి నీల్లేటిరా అందులోన? సుక్క కూడా మిగల్నేదు."

"మిగిలినాయి."

"ఎలగ సెప్తావు?"

"ఉప్పగా ఉండాయి."

"అది నీ మీసం సెమటరా బాబూ!"

బ్యారక్ అంతా నవ్వేది. మాలకొండయ్య కూడా నవ్వి, మీసం తుడుచుకుని, నా మూత బిగించి తలగడ పక్కన పెట్టుకునేవాడు. ఏడాదికి పైగా ఈ వాదం సాగింది. ఇద్దరూ గెలవలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. నీళ్లు ఒకసారి కలిశాక ఏవి ఎక్కడివో చెప్పడం నీళ్లకే చేతకాదు.

డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. వాళ్ల పటాలం పడమటి ఎడారిలో సరిహద్దు దాటి వెళ్లింది. ఎటు చూసినా ఇసుక. నీళ్లు ఒంటెల మీద వచ్చేవి, కొలిచి పోసేవారు. అప్పుడు కూడా మాలకొండయ్య తన వంతులో కొంత నాకే పోసేవాడు. పొద్దున్నే ఇత్తడి చల్లగా అంటుకుంటుంటే నన్ను కోటు లోపల పెట్టుకునేవాడు. అతని గుండె చప్పుడు నాకు అక్కడ వినిపించేది. సుత్తి చప్పుళ్ల మధ్య పుట్టినదాన్ని కదా, ఆ చప్పుడే నాకు అన్నిటికన్నా మెత్తగా తోచింది.

ఒక సాయంత్రం ట్రాన్సిస్టర్‌లో వార్త వచ్చింది. తూర్పున యుద్ధం ముగిసిపోయింది. పడమట కూడా మర్నాడు రాత్రి ఎనిమిది గంటల నుంచి కాల్పులు ఆగిపోతాయి. జనం ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఊపేశారు. మర్నాడు పొద్దున్న పోలినాయుడు, పెళ్లికి వెళ్లేవాడిలా శ్రద్ధగా గడ్డం గీసుకున్నాడు. మాలకొండయ్య నన్ను ఇసుకతో తోమి మెరిపించాడు.

"సెలవు దొరకంగానే మా ఊరికి రా నాయుడూ. బావి నీళ్లు నేరుగా చేదతో తోడి తాగిపిస్తా. అప్పుడు చెబుదువు ఉప్పో చెమటో."

"వస్తాన్లే. ఆ నీల్లతో మీయావిడ పప్పొండితే మట్టుకు తినను."

వాళ్లు చేయాల్సిందల్లా ఎనిమిదింటిదాకా ఊరికే కూర్చోవడం. మనుషులకు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నాకు ఆ రోజు తెలిసింది.

మధ్యాహ్నం దాటాక సుబేదారు వచ్చాడు. ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బను చీకటి పడేలోపు పట్టుకోవాలని చెప్పాడు. ఎనిమిదింటికి ఎవరు ఎక్కడ నిలబడితే సరిహద్దు గీత అక్కడే పడుతుందట. చెబుతున్నంతసేపూ ఆయన ఎవరి మొహమూ చూడలేదు, బూట్ల మీది ఇసుకే చూశాడు.

"అయిపోయింది గదా సార్, ఇంకా ఏటి?" అన్నాడు పోలినాయుడు.

"పైనుంచి వచ్చింది" అన్నాడు సుబేదారు. పైన అంటే ఎవరో ఆయనకూ తెలిసినట్టు లేదు.

బారులు తీరి వెళ్లారు. దిబ్బ మీద ఎవరూ లేరు. అవతలివాళ్లు అప్పటికే వెనక్కి వెళ్లిపోయారు. పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది, పక్కన ఎవరో సగం తాగి వదిలేసిన టీ గ్లాసు. ఒక్క తూటా పేలకుండా దిబ్బ మనదైపోయింది. దాని మీద ఒకే ఒక చెట్టు. మాలకొండయ్య ఆకు తుంచి చూసి, "ఒరే, ఇది జమ్మి!" అని అరిచాడు. అంత దూరంలో తెలిసిన ముఖం కనబడినట్టు అందరూ దాని చుట్టూ చేరారు.

"అయితే ఇంకేటి, తుపాకులన్నీ మూటగట్టి దీనిమీద ఎట్టీసి ఇల్లకెల్పోదాం. పాండవులు సేసిందదే గదా" అన్నాడు పోలినాయుడు.

సుబేదారు కూడా నవ్వాడు. ఆయన నవ్వడం అదొక్కసారే చూశాను.

పొద్దు గుంకింది. అప్పుడు మొదలయ్యాయి ఫిరంగులు. అవతలివాళ్ల దగ్గర గుండ్లు మిగిలిపోయి ఉంటాయి. వాటిని వెనక్కి మోసుకుపోవడం ఎందుకనుకుని ఉంటారు. మనవైపు ఫిరంగులూ అదే పని మీద ఉన్నాయి. దీపావళి వెళ్లిపోతోందని మిగిలిన టపాకాయలన్నీ ఒకేసారి కాల్చేసినట్టు, రెండువైపులా ఖాళీ చేసుకుంటున్నారు. ఎవరి మీదా ఎవరికీ కోపం ఉన్నట్టు లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇసుకలో తవ్విన గుంట తవ్వినట్టే పూడిపోతోంది. అందులో ఇద్దరూ భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. మధ్యలో కాసేపు చప్పుడు ఆగింది. మాలకొండయ్య నన్ను కోటులోంచి తీసి మూత విప్పాడు. ఎవరికీ ఇవ్వనివాడు, నన్ను పోలినాయుడు ముందుకు చాపాడు.

"ఇంక రవ్వంత సేపే గదా. తాగు నాయుడూ. ఇయ్యాల్టితో వాదం తెగిపోవాల."

"ముందు నువ్వు తాగరా."

"అతిథివి, నువ్వే..."

ఆ మాట పూర్తి కాలేదు. పెద్ద వెలుగు. నేను ఇసుకలో పక్కకు ఒరిగి పడ్డాను. మూత అతని చేతిలో ఉండింది. తర్వాత ఆ చెయ్యి ఖాళీగా ఉంది. మూత ఎటు ఎగిరిపోయిందో నేను చూడలేదు. కాపురం విడిపోయేటప్పుడు చప్పుడేమీ వినిపించలేదు.

పోలినాయుడు అతని తల ఒడిలో పెట్టుకున్నాడు. చేతులతో తడిమి నన్ను పట్టుకుని అతని పెదవులకు ఆనించాడు. "తాగరా కొండయ్యా, మీ ఊరి నీల్లేరా, తాగు" అన్నాడు. ఒక్క గుక్క దిగింది. అది దిగడం నా అంచు మీద నాకు తెలిసింది. తర్వాతి నీళ్లు పెదవి పక్కనుంచి జారిపోయాయి, వాటిని ఇసుక తాగింది.

ఎనిమిదయింది. లోకమంతా ఒక్కసారి మూగబోయినట్టు ఆగిపోయింది. దూరంగా అవతలివైపు ఎవరో నిలబడి బీడీ వెలిగించుకున్నారు. ఆ నిప్పు ఎర్రగా కనిపిస్తోంది. కొద్దిసేపటి క్రితం అయితే దానికి గురిపెట్టేవారు. ఇప్పుడు అందరూ దానివైపు ఊరికే చూస్తూ కూర్చున్నారు. ఒడిలో తల పెట్టుకున్న పోలినాయుడు కూడా.

మాలకొండయ్యకు అక్కడే నిప్పు పెట్టారు. ఇంటికి వెళ్లింది నేనే. పోలినాయుడు నా మెడలో గుడ్డ కుక్కి, రైళ్లు మారుతూ, ఒళ్లో నిలబెట్టుకుని, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

వెంగమ్మ ఏడవలేదు. అతనికి పీట వేసింది. ఎదురుగా కూర్చుని ఒక్కటే అడిగింది.

"అన్నా, నోట్లో నీళ్లు పడినాయా?"

"పడ్డాయమ్మా. నేనే పోసినాను. తాగినాడు."

"ఏ నీళ్లు?"

ఏడాది పాటు బ్యారక్‌ను నవ్వించినవాడు, సుక్క కూడా మిగల్లేదని ఒట్లు వేసినవాడు, తల ఎత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"మీ బాయి నీల్లే తల్లీ. అచ్చంగా అవే. అతను ఒక్కనాడూ అడుగు కనబడనీనేదు."

అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, నా గుడ్డ తీసి లోపలికి చూసింది. ఒరిగి పడినప్పుడు నా పొట్ట వంపులో నిలిచిపోయిన దోసెడు నీళ్లు ఇంకా ఉన్నాయి. పోలినాయుడు దారిపొడుగునా ఒలకనివ్వలేదు. మాలకొండయ్య తిరిగి రాలేదు గానీ చెంబు ఖాళీగా గడప తొక్కలేదు. ఆమె ఆ నీళ్లు పారబోయలేదు. నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లి నింపింది. మొదటి గుక్క పోలినాయుడుకిచ్చింది.

అతను తాగి, కళ్లు తుడుచుకుని, "ఉప్పే" అన్నాడు.

మరుసటి ఏడాది రెండు దేశాల పెద్దలు కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఎడారిలో పట్టుకున్న ఇసుకంతా తిరిగి ఇచ్చేశారు. పంచాయతీ రేడియో దగ్గర విని వచ్చిన ఆడబిడ్డ పిచ్చమ్మను వెంగమ్మ అడిగింది: "ఆ దిబ్బ గూడానా?"

"అన్నీ అంట వదినా."

వెంగమ్మ నాలోంచి ఒక గుక్క తాగి, ఒక గుక్క నీళ్లు కలిపింది.

అలా రోజూ, తల నెరిసేదాకా. నా మెడ మీద మూతకు బదులు చిన్న ఇత్తడి గిన్నె బోర్లించేది. అది మంచిదే, కానీ గాలికి కదిలేది. ఊళ్లోకి మినరల్ వాటర్ డబ్బాలు వచ్చాయి, బావి వైపు అందరూ వెళ్లడం మానేశారు, కొత్త కోడళ్లు ఏడవడం మానేశారు. ఆమె మాత్రం చేద పట్టుకుని వెళ్లేది. పోలినాయుడు కాళ్లు ఆడినన్నాళ్లూ ఏడాదికోసారి వచ్చి, ఆ నీళ్లతో ఉడకని పప్పు కిమ్మనకుండా తినేవాడు.

మొన్న చలికాలంలో వెంగమ్మ మంచం పట్టింది. చివరి పూట ఎవరో కాశీ నుంచి తెచ్చిన గంగ కోసం గూళ్లన్నీ వెతుకుతుంటే పిచ్చమ్మ కసిరింది. "ఏం గంగ? ఆ చెంబు ఇట్టా తీసుకరాండి."

నా అంచు మళ్లీ ఒక పెదవికి తగిలింది. ఒక్క గుక్క దిగింది. అందులో ఆ బావి ఎంతో, ఎడారి ఎంతో, అతను తాగకుండా మిగిల్చింది ఎంతో నాకు తెలియదు. కలిసిపోయాయి, అంతే. పిచ్చమ్మ నాలోకి తొంగి చూసి, చేద పట్టుకుని బావికి వెళ్లింది.

ఇప్పుడు పిచ్చమ్మ గూట్లో ఉంటున్నాను. నిండుగానే ఉన్నాను. సాయంత్రాలు మాత్రం నా మూత గుర్తొస్తుంది. ఏ గీతా నిలవని ఆ దిబ్బ మీద, జమ్మిచెట్టు కింద ఎక్కడో ఇసుకలో ఉంటుంది. అక్కడా ఎప్పుడో ఒక వాన కురుస్తుంది కదా. అది వెల్లకిలా పడి ఉంటే బాగుండును. గుక్కెడు నీళ్లు పడతాయి.