పక్క నక్షత్రంలో గీత

నేను ఒక గాజు పలకను. అరచేతి కంటే కొంచెం పెద్దగా ఉంటాను. నా ముఖానికి అల్యూమినియం పూత పూసి, దాని మీద వజ్రపు మొనతో కంటికి ఆననంత సన్నని గాట్లు పక్కపక్కనే గీశారు. గీసినన్ని రోజులూ ఆ గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. మనిషి ఒంటి వేడికి కూడా గాటు జరుగుతుందని వాళ్ల భయం. నా మీద పడిన వెలుగు రంగులుగా విడిపోతుంది. నేను చేసేది అంతే. దానికి అర్థం చెప్పడం మనుషుల పని. ఆ పనిలో వాళ్లకు తొందర ఎక్కువ.

అనంతపురం వైపు ఒక కొండ మీది టెలిస్కోపు దగ్గరికి నన్ను ప్రొఫెసర్ చెన్నకేశవులు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. పైన సామాన్ల అరలో పెట్టమని కండక్టరు కసిరినా వినలేదు. నా పెట్టె తెరిచినప్పుడల్లా మూతికి గుడ్డ కట్టుకునేవారు. నా మీద తుంపర పడితే తుడవడానికి వీల్లేదు. తుడిస్తే గాట్లు పోతాయి.

ఆయన చూసింది వయసులో చిన్నదైన ఒక నక్షత్రాన్ని. గ్రహాలు తయారవగా మిగిలిన రాళ్లూ ధూళీ దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతున్నాయి. ఆ పళ్లెంలో వాయువు కూడా ఉందా అన్నది ఆయన ప్రశ్న. ఉంటే, అక్కడి రాళ్లూ మంచుముద్దలూ ఇంకా ఢీకొని ఆవిరవుతున్నాయన్నమాట. వాయువు తన గుండా వచ్చే వెలుగులో సన్నని రంగు ముక్కను మింగేస్తుంది. ఆ చోట నల్లని గీత మిగులుతుంది. నేను విడదీసిన ఊదారంగులో ఆ గీత కనిపించింది. వాయువు దొరికిందని ఆయన లోకానికి చెప్పారు.

అయితే ఆ నక్షత్రానికీ మనకూ నడుమ దారిలో వాయువు మేఘం ఏదైనా ఉన్నా అదే గీత పడుతుంది. తేల్చుకోవాలంటే అదే దిక్కున, దాదాపు అంతే దూరంలో ఉన్న పక్క నక్షత్రాన్ని చూడాలి. అందులోనూ గీత ఉంటే ఆ వాయువు దారిది. పక్క నక్షత్రం మసకగా ఉంటుంది, చాలాసేపు చూడాలి. ప్రతిసారీ ఆయన "ఈసారికి మనదే చూద్దాం" అనేవారు. పోయిన చలికాలంలో ఆయన చనిపోయారు. ఆయన గ్లాసులో ఓబులపతి ఇంకెవరికీ టీ పోయలేదు.

ఓబులపతి టెలిస్కోపు తిప్పే మనిషి. వేసవి మొదట్లో ప్రొఫెసర్ గారి చివరి శిష్యురాలు షమీమ్ కొండెక్కింది. ఆయన చెప్పింది నిలబడుతుందో లేదో రాబోయే శాస్త్రవేత్తల సభలో ఆమె చెప్పాలి. నక్షత్రం పొద్దు గుంకగానే పడమటికి దిగిపోతోంది. ఇక వానలు వెళ్లేదాకా కనిపించదు. ఆ సాయంత్రం మబ్బు కూడా లేస్తోంది. రెండు నక్షత్రాల్లో ఒక్కదానికే సమయం ఉంది. ఓబులపతి అలవాటుగా సార్ నక్షత్రానికే తిప్పాడు.

"పక్కదానికి తిప్పన్నా."

"యాడికి? సార్ సుక్క ఇదే గదా పాపా! ఇది మునిగితే మళ్ళా ఎప్పుడొస్తాదో ఏమో."

"తెలుసన్నా. పక్కదానికే."

"దాంట్లో గూడా గీత ఉంటే?"

"ఉంటే ఉంటాది. మబ్బు నీకోసం నిలబడదు, తిప్పు."

గుమ్మటం కిర్రుమంటూ కదిలింది. వెలుగు నా మీదికి వచ్చింది. బలహీనమైన వెలుగు, తెరలు తెరలుగా. వాళ్లిద్దరికంటే ముందు నాకే తెలిసింది. చెప్పడానికి నోరు లేదు. షమీమ్ కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుంది. ఓబులపతి మబ్బును తిడుతూ తలుపు దాకా వెళ్లి, తిరిగి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. మబ్బు నక్షత్రాన్ని కమ్మేలోపే పని ముగిసింది.

తెర మీద గీత ఉంది. అదే చోట, అంతే నలుపుతో.

"ఇంగోసారి తీద్దాం పాపా. మబ్బు అడ్డమొచ్చిందేమో."

"మబ్బు ఇంత సన్నగా గీత గీయదన్నా."

సార్ నక్షత్రం చుట్టూ వాయువు లేదని నేను అనలేను. ఆ గీత మాత్రం దారిదే. షమీమ్ సభలో అదే చెప్పింది. ఎవరూ వాదించలేదు. అది ఆమెకు ఇంకా కష్టమైంది.

తర్వాత నాకంటే మేలైన పలక వచ్చింది. నన్ను కింది గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. బడిపిల్లలు వరుసగా వచ్చి నా ముఖం మీది రంగులు చూసి ఒకరినొకరు తోసుకుంటారు. షమీమ్ కొండ మీద ఉన్న రోజున తనే వాళ్లకు చెబుతుంది. "దీనితో మేము ఒక నక్షత్రాన్ని చూశాం. పక్క నక్షత్రాన్ని చూడకుండానే వాయువు దొరికిందని చెప్పేశాం. మేము పొరబడ్డాం."

ఒకసారి పిల్లలు వెళ్లాక ఓబులపతి ఉండబట్టలేక అడిగాడు. "మేము, మేము అంటావేంది పాపా? అప్పటికి నువ్వు ఈ కొండకు రానే లేదు గదా."

షమీమ్ బీరువా తలుపు వేసింది.

"తప్పులో ఆయన్ని ఒక్కణ్ణే ఎట్ల వదిలిపెట్టేది అన్నా?"