మూడు దెబ్బలు

మండలాఫీసు నుంచి కోటేష్ సార్ ఫారం పట్టుకుని వచ్చాడు. ఆపద వస్తే బడి ఎంత సిద్ధంగా ఉందో చూసి మార్కులు వేయాలట. ఇసుక బకెట్లు ఉన్నాయా, మందుల పెట్టె ఉందా అని ఆయన అడుగుతుంటే అన్నిటికీ ఉన్నాయన్నాను. బకెట్లలో ఇసుక ఆ పొద్దునే పోయించాను. అంతకంటే ముందు ఎవరు మాత్రం పోయిస్తారు?

"అగ్గి అంటుకుంటే పిల్లలు ఎట్ల బయటికొస్తరో జర చూద్దాం మేడం," అంటూ వరండాలో బడిగంటగా వేలాడే ఇనప పట్టా ముక్కను, నేను నోరు తెరిచేలోపే, రాడ్డుతో గణగణా వాయించేశాడు.

ఆ గంట అలా కొట్టకూడదు. మా బడి అడవి అంచున ఉంది. నిరుడు ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంటి ఆవరణలోకి వచ్చింది. అప్పటినుంచి పిల్లలకు నేనే నేర్పాను. గంట ఆగకుండా మోగితే తలుపులకూ కిటికీలకూ గడియ పెట్టుకుని బల్లల కింద కూర్చోవాలి. ఎవరు పిలిచినా, ఆఖరికి నేను పిలిచినా తీయకూడదు. ఎలుగు పోయాక మూడే మూడు దెబ్బలు కొడతాను, అప్పుడే తీయాలి. నిప్పు సంగతి నాకు తోచనే లేదు.

ఉన్న ఒక్క గది తలుపూ ధడాలున మూసుకుంది. లోపల ఇరవై ఆరు మంది.

"ఏంది మేడం, బయటికి రమ్మంటే లోపల్నే ఉన్నరు?" అని నవ్వాడాయన.

చెప్పబోతుంటే గది గోడకు ఆనుకుని ఉన్న వంటగదిలోంచి, పిల్లలకు అన్నం వండే జంపక్క కేక పెట్టింది. "టీచరమ్మా, సిలిండర్ అంటుకుంది!"

పొగ రేకుల సందులోంచి నేరుగా తరగతిలోకి పోతోంది. నాకు మతిపోయింది. తలుపు మీద రెండు చేతులతో బాదాను.

"ద్వాలీ! గడియ తియ్యవే!"

మూడో తరగతి ద్వాలి లీడరు. లోపలినుంచి దగ్గుతూనే జవాబిచ్చింది. "మీరు పిలిచినా తియ్యొద్దన్నరు గదా టీచర్!"

వెనక గంట మళ్లీ మోగింది. కోటేష్ సార్ భయంతో ఆపకుండా కొడుతున్నాడు. లోపల పిల్లలు బల్లను ఈడ్చుకొచ్చి తలుపుకు అడ్డం పెడుతున్న చప్పుడు వినిపించింది.

పరుగున వెళ్లి ఆయన చేతిలోంచి రాడ్డు గుంజుకున్నాను. ఒకటి. రెండు. మూడు.

ఆగాను. నాలుగోది కొట్టమని చెయ్యి లాగేస్తోంది. కొడితే అది మళ్లీ ఎలుగు గంటే. రాడ్డును కడుపుకు అదుముకుని నిలబడ్డాను. వంటగదిలో మంట బుసకొడుతోంది. గదిలోంచి దగ్గులు తప్ప ఏమీ వినిపించడం లేదు. నా జీవితంలో అంత భయం నేనెరగను.

బల్ల కదిలింది. గడియ జారింది.

పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. అందర్నీ చింతచెట్టు దాకా తరిమి, రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఆరు. ఈలోగా జంపక్క తడి గోనెసంచి కప్పి, గ్యాస్ కట్టేసి, కాలిన చేతిని నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. ఇసుక బకెట్లు మా ఇద్దరికీ గుర్తే రాలేదు.

కోటేష్ సార్ ఫారం ఎక్కడో పడేసుకున్నాడు.

ద్వాలి వచ్చి నా కొంగు పట్టుకుంది. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఎంత పిలిచినా తియ్యలే టీచర్. మంచిగ చేసిన్నా?"